దీవెన ఫోను ఉపవాసం

గుణదల,
26 ఫిబ్రవరి 2026, గురువారం.

...అంతేగానీ నేనేదో భక్తురాలినైపోయానని మాత్రం అనుకోకు పిన్నీ. నిన్న ఇక్కడిదాకా రాశానో లేదో, అమ్మ ఉతికిన బట్టలు పట్టుకుని గదిలోకి వచ్చేసింది. ఆ కాగితం చించేశా. అందుకని మళ్ళీ మొదట్నుంచీ చెప్తున్నా.

దీవెన ఉత్తరం రాయడమేంటని నువ్వు కళ్ళు నులుముకుంటుంటావని తెలుసు. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం కదా, ఒత్తులు ఎక్కడపడితే అక్కడ పడతాయి, నువ్వే సర్దుకో.

మా చర్చిలో అయ్యగారు ఈసారి శ్రమల దినాలు నలభై రోజులూ, అంటే ఈస్టర్ దాకా, యూత్ అంతా ఫోను ఉపవాసం చెయ్యాలన్నారు. పోయిన బుధవారం ఆరాధన అయ్యాక ముందు నీలం రంగు ప్లాస్టిక్ టబ్బు పెట్టారు. ఎవరి ఫోను వాళ్ళు అందులో వెయ్యాలి. ప్రార్థన చేశాక అమ్మానాన్నలు ఇంటికి తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. ఒక్కళ్ళు లేవలేదు. అందరికీ ఒకేసారి బైబిల్ చదవాలనిపించింది. అప్పుడు నేను లేచి వెళ్ళి, స్విచ్చాఫ్ చేసి మరీ, మొదటి ఫోను వేశాను. అమ్మ ఏడ్చేసింది. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తొమ్మిదో తరగతి చదివే బిడ్డ, ఈమె విశ్వాసం చూడండి" అని అయ్యగారు పావుగంట మాట్లాడారు.

పిన్నీ, అది విశ్వాసం కాదు, భయం. దేనికో మాత్రం అడక్కు.

పెద్దవాళ్ళకి ఉపవాసం లేదు. నాన్న టీవీ మానేశారు. ఫోను ఆఫీసు పనికి కదా, అది లెక్కలోకి రాదట. ఆ ఆఫీసు పని బాత్రూంలో కూర్చుని చేస్తూ పకపకా నవ్వుతుంటారు. ఇరిగేషన్ ఆఫీసులో అంత కామెడీ ఉంటుందని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

స్కూలు కబుర్లు అడుగుతావు కదా. ఈ నెల మొదట్లో "స్క్రీన్‌కి సెలవు" అని మీటింగు పెట్టారు. మా కరస్పాండెంట్ వెంకటకృష్ణారావు గారు ఫోను చూస్తే మెదడు ఎలా పాడవుతుందో గంటసేపు చెప్పారు. ఆ గంటసేపూ ఫోన్లో చూసి చదివారు. మధ్యలో అది మోగితే "వన్ మినిట్ చిల్డ్రన్" అని మాట్లాడి వచ్చి మళ్ళీ మెదడు దగ్గర్నుంచి మొదలెట్టారు. ఎవరో అది వీడియో తీసి ఇన్‌స్టాలో "ఎనిమిదో పీరియడ్" అనే పేజీలో పెట్టేశారు. ఆ పేజీ ఎవరు నడుపుతున్నారో ఎవరికీ తెలీదు. ఏడాదిగా టీచర్ల మీద జోకులేస్తోంది, ఎవరూ పట్టించుకోలేదు. ఈ వీడియో మాత్రం బెజవాడంతా చూసింది. "పట్టుకుని టీసీ చేతిలో పెడతా" అని సార్ అసెంబ్లీలో అరిచిన అరుపుకి మైకు కూడా కీచుమంది. నాకేం సంబంధం లేదులే, ఊరికే చెప్తున్నా.

జవాబు పోస్టులోనే రాయి. అమ్మ ఫోనుకి చెయ్యకు, స్పీకర్లో పెట్టి కూర తరుగుతుంది. ఉత్తరమైతే ఎవరూ తెరవరు. నా ఫోను రోజూ తనిఖీ చేసిన మనుషులే, "అబ్బ, పిల్ల ఉత్తరాలు రాస్తోంది" అని మురిసిపోయి స్టాంపులు కొనిచ్చారు.

ఇట్లు, చర్చి మొత్తానికీ ఆదర్శం,
దీవెన


అవనిగడ్డ,
3 మార్చి, మంగళవారం.

ఒసేయ్ దీవెనా,

షాపు నిండా జనం ఉన్నప్పుడు పోస్టుమాన్ వచ్చి నా పేరు పెట్టి పిలిస్తే కోర్టు కాగితమేమోనని గుండె జారిపోయింది. తీరా చూస్తే నువ్వు. మార్త మొబైల్స్ ఓనరుకి ఫోను మానడం గురించి ఉత్తరం! మీ అయ్యగారు ఈ ఐడియాని అవనిగడ్డ దాకా తెచ్చారంటే నేనూ ఉపవాసమే, కాకపోతే నాది అన్నం ఉపవాసం అవుతుంది.

నిన్న ఒకాయన వచ్చి, "మా ఆవిడ ఎప్పుడు చూసినా ఫోనేనమ్మా, చూడకుండా చేసే యాప్ ఏదైనా ఎక్కించండి" అన్నాడు. ఆవిడ ఫోన్లో నేనది ఎక్కిస్తున్నంతసేపూ ఆయన నా కౌంటరు మీద మోచేతులానించి తన ఫోన్లో కోడిపందేలు చూశాడు. ఆవిడ నన్ను చూసింది, నేను ఆవిణ్ణి చూశాను. 

సరేగానీ, భయమంటావు, అడక్కంటావు. నీ వయసులో భయమంటే నాకు తెలిసింది ఒక్కటే. ఎవడే వాడు? పేరు చెప్పు చాలు, ఊరు నేను కనుక్కుంటా. ఫోను మానేసి వాడికి దూరంగా ఉంటున్నావంటే మంచిదే. మీ నాన్నకి చెప్పను. బావగారి బీపీ సంగతి నాకు తెలుసు.

బాగా తిను. ఉపవాసం ఫోనుకే.

మీ పిన్ని
మార్త


గుణదల,
9 మార్చి, సోమవారం.

పిన్నీ,

ఎవడూ లేడు. మా క్లాసబ్బాయిల్ని ఒక్కసారి చూశావంటే నామీద ఈ నింద వేసినందుకు నువ్వే క్షమాపణ అడుగుతావు.

నీకు చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది, చెప్తే కొంప మునుగుతుంది. కాబట్టి సగం చెప్తా. నేను ఒకటి నడుపుతున్నాను. ఏడాది నుంచి. ఇంట్లో తెలీదు, స్కూల్లో తెలీదు. ఆ బుధవారం నుంచీ ఆపేశా. కానీ నేను నడిపినదాని వల్ల మా క్లాసు భానుశ్రీకి దెబ్బ తగిలింది. మామూలు దెబ్బ కాదు, పాపం ఏప్రిల్లో పరీక్షలు కూడా రాయలేకపోతుందేమో. అది నా కళ్ళముందే జరిగింది. నేను ఆగలేదు. ఏమీ తెలియనట్టు వచ్చేశాను. నన్నెవరూ చూడలేదు, అదే అన్నిటికన్నా భయంగా ఉంది.

ఇంతకంటే కాగితం మీద పెట్టలేను.

ఫోను మానడం మంచిదంటారు కదా, ఎందుకు మంచిదో ఇప్పుడు నన్నడుగు. ఇదివరకు బస్సులో, లంచ్‌లో, ఏది నచ్చకపోయినా తల దించి ఫోన్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు వెళ్ళడానికి చోటు లేదు. ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మొహమే చూడాలి. నా ఎదురు బెంచీలో భానుశ్రీ ఉంటుంది. పందొమ్మిది రోజులుగా దాని మొహం తప్ప నేనేమీ చూడలేదు. ఎంత ఆరోగ్యకరమో!

ఇంకో శుభవార్త. ఈస్టర్‌కి వారం ముందు, మట్టల ఆదివారం నాడు నేను చర్చిలో సాక్ష్యం చెప్పాలట, "ఫోను మానడం వల్ల నాకు కలిగిన మేలులు" అని. పది నిమిషాలు. నాన్న అప్పుడే రాయడం మొదలెట్టారు. నా మేలులు నాకంటే ఆయనకే బాగా తెలుసు.

భయస్తురాలు,
దీవెన


అవనిగడ్డ,
13 మార్చి, శుక్రవారం.

దీవెనా,

నీ ఉత్తరం చదివి షట్టరు సగం దించేసి కూర్చున్నా.

పద్నాలుగేళ్ళకి బండి నడుపుతావా? ఏడాది నుంచా? లైసెన్సు లేదు, హెల్మెట్ లేదు, బుద్ధి అసలే లేదు. నడిపావు సరే, గుద్దావు సరే, ఆగవా? ఆడపిల్లని రోడ్డు మీద వదిలేసి వచ్చేస్తావా? పరీక్ష రాయలేకపోతుందేమో అంటున్నావు, కుడిచెయ్యా? విరిగిందా, బెణికిందా? కట్టు ఎక్కడ కట్టించారు? పైగా "నన్నెవరూ చూడలేదు" అట. నిన్ను ఎవరన్నా చూశారా అని కాదే నేనడిగేది. నువ్వు ఆ పిల్లని చూసొచ్చావా? ఇంటికెళ్ళి, ఎలా ఉన్నావమ్మా అని ఒక్కమాట అడిగావా?

ముందు ఆ పని చెయ్యి. తర్వాత నీ సాక్ష్యాలూ, నీ మేలులూ.

మీ అమ్మకి ఫోను చేశా, తప్పు నాదే. ఏం చెప్పలేదు. "స్కూటీ జాగ్రత్త అక్కా, తాళాలు దాచు" అన్నా, అంతే.

పిన్ని


గుణదల,
19 మార్చి, గురువారం.

పిన్నీ! పిన్నీ! పిన్నీ!

"ఏం చెప్పలేదు" అంటూనే ఎంత చక్కగా చెప్పావో! ఆ సాయంత్రమే మా ఇంట్లో విచారణ జరిగింది.

నాన్న: "స్కూటీ ఎప్పుడు తీశావు?"

"తియ్యలేదు నాన్నా."

"మరి హెడ్‌లైటు పక్కన ఆ గీత?"

"అది అమ్మ గేటుకి కొట్టింది."

వంటింట్లోంచి అమ్మ: "నేనెప్పుడు కొట్టానే?"

"పోయిన క్రిస్మస్‌కి. పేస్ట్రీలు తెచ్చేటప్పుడు."

నాన్న అమ్మవైపు తిరిగి: "ఆవుదూడ గుద్దిందన్నావు కదా నాతో?"

ఆ తర్వాత విచారణ వాళ్ళిద్దరి మధ్యే గంటసేపు సాగింది. నేను లేచి వచ్చేసినా ఎవరూ గమనించలేదు. తాళాలు మాత్రం ఇప్పుడు నాన్న జేబులో ఉన్నాయి. అమ్మ ఆటోలో ఆఫీసుకెళ్తోంది. రోజూ నీకు ధన్యవాదాలు చెప్తోంది, వేరే మాటల్లో.

బండి కాదు పిన్నీ. పేజీ! నేను నడిపింది పేజీ. "ఎనిమిదో పీరియడ్" నాదే. ఇంట్లో తనిఖీకి ముందు రోజూ లాగౌట్ చేసేదాన్ని. ఆ వీడియో తీసింది నేనే. అది పెట్టిన రాత్రికే నాలుగువేల మంది చూశారు, నేను దుప్పట్లో నవ్వుకున్నా. తెల్లారాక సార్ టీసీ అన్నారు. అప్పట్నుంచీ అన్నం సయించడం మానేసింది. టబ్బులో అందరికంటే ముందు ఫోను ఎందుకు వేశానో ఇప్పుడు అర్థమైందా? దేవుడి దగ్గర దాస్తే కరస్పాండెంట్ వెతకడని.

నిజంగానే వెతకలేదు. కంప్యూటర్ సార్ బుర్ర పెట్టి ఒక సంగతి కనిపెట్టారు. ఆ బుధవారం నుంచీ పేజీ ఆగిపోయింది. కాబట్టి ఆ బుధవారం నుంచీ ఎవరి ఫోను ఆగిపోయిందో వాళ్ళే దొంగ. వెతికితే ఇద్దరు దొరికారు. నాది ఉపవాసం. భానుశ్రీ ఫోను అదే రోజు నీళ్ళ బకెట్లో పడింది. ఉపవాసం పుణ్యం, బకెట్ నేరం. "సాక్ష్యాలు మాయం చెయ్యడానికే నీళ్ళల్లో పడేసింది" అన్నారు. అది ఏడుస్తూ, "సార్, బట్టలు ఉతుకుతుంటే జేబులోంచి జారింది సార్" అంది. "అదే ఉపవాసం చేస్తున్న దీవెనని చూసి నేర్చుకోండి" అని కరస్పాండెంట్ సార్ అసెంబ్లీలో నన్ను పక్కన నిలబెట్టి మరీ చప్పట్లు కొట్టించారు. భానుశ్రీ కూడా కొట్టింది పిన్నీ.

తప్పు ఒప్పుకుంటూ లెటర్ రాసి సంతకం పెడితే పరీక్షలు రాయనిచ్చి ఆ తర్వాత టీసీ ఇస్తారట. పెట్టకపోతే పరీక్షలు కూడా లేవు. ముప్ఫయ్యో తారీకు సోమవారం ఆఖరు. ఈలోపు దాన్ని స్కూలుకి రావద్దన్నారు. ఇప్పుడు నా ఎదురు బెంచీ ఖాళీ. ఇంక మొహం చూడక్కర్లేదని హాయిగా ఉండాలి కదా. లేదు. ఖాళీ బెంచీ ఇంకా ఎక్కువ చూస్తోంది.

నువ్వు రాసినవన్నీ తప్పే. బండి తప్పు, చెయ్యి తప్పు, కట్టు తప్పు. కానీ "ఆ పిల్లని చూసొచ్చావా" అన్నావు చూడు, ఆ ఒక్క ముక్క మాత్రం రైటే. చూసి రాలేదు. భయం. నేను చెప్తే నాకు టీసీ. పదో తరగతికి ఇంకెక్కడా తీసుకోరని అమ్మ ఎవరి గురించో అంటుంటే విన్నా. నాన్న చర్చి కమిటీలో ఉన్నారు. ఇంక ఆయన బయట మొహమెలా పెట్టుకుంటారు?

ఏం చెయ్యాలో చెప్పు. ఈసారి మాత్రం ఫోను చెయ్యకు, నీకు దణ్ణం పెడతా.

నీ దొంగ,
దీవెన


అవనిగడ్డ,
23 మార్చి, సోమవారం.

దీవెనమ్మా,

ఆ వీడియో నేను చూశానే. మా షాపులో అందరికీ చూపించి మరీ నవ్వాను. తీసింది మన పిల్లని తెలిస్తే ఇంకాస్త గర్వంగా నవ్వేదాన్ని, దేవుడు నన్ను క్షమించుగాక.

నా పనేంటో నీకు తెలుసు. ఆ ఫోను ఒక్కరోజు నా చేతికిస్తే మొత్తం తుడిచేస్తా, నువ్వే నడిపావని నువ్వు కూడా నమ్మవు. రెండు నిమిషాల పని. శనివారం నేనే వచ్చి పట్టుకెళ్తా.

పై ముక్క కొట్టేద్దామనుకున్నా. కొట్టేస్తే నువ్వు లైటుకి అడ్డం పెట్టి ఎలాగూ చదువుతావు కాబట్టి ఉంచేశా. అది నిన్న రాసింది. ఇవాళ వేరేగా రాస్తున్నా.

నేను ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో వార్డెన్ గారి వాచీ పోయింది. నేనే తీశానన్నారు. నెల తర్వాత ఆవిడ బట్టల మడతల్లోనే దొరికింది. వాచీ దొరికిందని అందరికీ చెప్పారు గానీ, మార్త తియ్యలేదని ఒక్కళ్ళూ చెప్పలేదు. మీ అమ్మకి కూడా ఈ సంగతి తెలీదు. ఇరవైరెండేళ్ళయింది. ఇప్పటికీ ఎవరింటికన్నా వెళ్తే, వాళ్ళు గదిలోంచి లేచి వెళ్ళగానే నేనూ లేచి వెళ్ళిపోతా.

నీకు ఏం చెయ్యమనీ చెప్పను. మళ్ళీ ఒక్కటే అడుగుతున్నా. చూసొచ్చావా?

పిన్ని


గుణదల,
29 మార్చి, మట్టల ఆదివారం, సాయంత్రం.

పిన్నీ,

చూసొచ్చా.

నిన్న ప్రాజెక్ట్ వర్కని చెప్పి ఇబ్రహీంపట్నం బస్సెక్కా. దారి పొడవునా వెనక్కి వచ్చేద్దామని ప్రతి స్టాపులోనూ లేచి కూర్చున్నా. పక్కనున్న మామ్మగారు "మూలవ్యాధా అమ్మా?" అని అడిగింది.

భానుశ్రీ వాళ్ళ నాన్న పవర్ స్టేషన్లో కాంట్రాక్టు మీద వెల్డింగ్ చేస్తారు. ఆయనే తలుపు తీశారు. నా యూనిఫాం చూసి ముందు భయపడ్డారు. క్లాస్‌మేట్‌నని చెప్తే, "ఇన్ని రోజులకి ఒక్క ఫ్రెండన్నా వచ్చావమ్మా" అని పరిగెత్తుకెళ్ళి కూల్‌డ్రింకు తెచ్చారు. అది తాగాను పిన్నీ. అంతకంటే చేదుది నేనెప్పుడూ తాగలేదు.

ఇద్దరం మేడ మీదకి వెళ్ళాం. అక్కణ్ణుంచి పొగగొట్టాలు కనిపిస్తాయి. వాటినే చూస్తూ చెప్పేశా.

"భానూ, ఎనిమిదో పీరియడ్ నాది."

"ఛీ, పో."

"నిజం."

"ఆ జోకులన్నీ నువ్వా? క్లాసులో నోరే తెరవవు కదే?" నవ్వింది. "ఆ వీడియో నేనే తీశాననుకుని బస్సులో టెన్త్ అబ్బాయిలు లేచి నాకు సీటిచ్చారు తెలుసా?"

నేనూ నవ్వబోయా. అప్పటికే అది నవ్వడం ఆపేసింది.

"సంతకం పెట్టెయ్యమంటున్నాడు నాన్న. నేను చెయ్యలేదని ఆయనకి తెలుసు. అయినా పెట్టెయ్యమంటున్నాడు. మనం గొడవపడలేమమ్మా అంటున్నాడు."

"వద్దు. నేను ఏదో ఒకటి..."

"ఏం చేస్తావు? రేపు ఆదివారం, ఎల్లుండే ఆఖరు. రేపు ఖాళీయా నువ్వు?"

"రేపు చర్చిలో సాక్ష్యం చెప్పాలి."

"అంటే?"

"నాకు జరిగిన మేలు అందరి ముందూ చెప్పడం."

"ఓహో," అంది. "మరి నాకు జరిగినదానికి ఎవరు చెప్తారే సాక్ష్యం?"

బస్సెక్కేదాకా నా చెవుల్లో దాని మాటే. దిగాక కూడా.

ఇవాళ పొద్దున పిల్లలంతా మట్టలు ఊపుకుంటూ లోపలికొచ్చారు. తర్వాత నన్ను పిలిచారు. నాన్న రాసిన మూడు పేజీలు చేతికిచ్చారు. ఫోను మానడం వల్ల కలిగే మేలులు ఆయన ఎక్కడ వెతికారనుకున్నావు? ఫోన్లో. మొదటి పేజీ చదివా. నిద్ర బాగా పట్టిందని చదివా, పట్టలేదు. కంటిచూపు మెరుగైందని చదివా, నాలుగో తరగతి నుంచీ పెట్టుకున్న ఈ కళ్ళజోడులోంచే. రెండో పేజీ తిప్పలేకపోయా. మైకు స్టాండు పట్టుకున్నా.

"ఇవి నాన్న రాసినవి. నాకు జరిగిన మేలు వేరే ఉంది. ఫోను లేకపోతే తల ఎక్కడ దించుకోవాలో నాకు తెలీలేదు. మా స్కూలు వాళ్ళ గురించి ఒక పేజీ ఉంది. ఆ పేజీ నాదే" అన్నా.

"ఆమేన్!" అన్నారు అందరూ, అలవాటు కొద్దీ. వెనకనుంచి ఎవరో "హల్లెలూయా" కూడా అన్నారు.

"ఆ తప్పు నేను చేశాను. శిక్ష భానుశ్రీ అనే అమ్మాయికి వేస్తున్నారు. నేను భక్తితో ఫోను ఇవ్వలేదు, దాక్కోవడానికి ఇచ్చాను" అన్నా.

ఈసారి ఎవరూ ఆమేన్ అనలేదు.  అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయ్యగారు గొంతు సవరించుకుని పాట నంబరు చెప్పారు, తప్పు నంబరు చెప్పారు. సగం మంది ఒక పాట, సగం మంది ఇంకో పాట పాడారు.

ఇదేదో ధైర్యమని రాయకు పిన్నీ. నాన్న చర్చిలో అరవరు కదా, అందుకే అక్కడ చెప్పా. ఇంట్లో చెప్పే ధైర్యం లేకే.

నాన్న ఇంటికి రాగానే చొక్కా కూడా మార్చకుండా హాల్లో కూర్చున్నారు. అన్నం తినలేదు. అమ్మ రెండుసార్లు పెరుగు వేసి రెండుసార్లూ తీసేసింది. ఇందాకట్నుంచీ హాల్లో ఫోన్లో మాట్లాడుతున్నారు. ఈసారి ఆఫీసు పనీ కాదు, నవ్వూ లేదు. నా తలుపు వేసుంది, అయినా వినిపిస్తోంది. "అవునండీ వెంకటకృష్ణారావు గారూ... మా అమ్మాయేనండీ... లేదండీ, ఆ పిల్లకేం సంబంధం లేదండీ... మీరేం చేసినా మా అమ్మాయినే చెయ్యండి." తర్వాత ఇంకెవరికో చేశారు. "భానుశ్రీ నాన్నగారాండీ? నా పేరు ఇశ్రాయేలండీ. రేపు మీ పాప ఎక్కడా సంతకం పెట్టక్కర్లేదండీ. ముందు మేం మీ ఇంటికొస్తామండీ" అన్నారు. నాన్న ఎవరినైనా అలా బతిమాలడం నేనెప్పుడూ వినలేదు.

బీరువా తాళం తిరిగిన చప్పుడు. ఈస్టర్‌కి ఇంకా వారం ఉంది, నా ఫోను అప్పుడే బయటికి తీస్తున్నట్టున్నారు.  నన్ను కొడతారో, ఏడుస్తారో తెలీదు. ఏడవకుండా ఉంటే చాలు, కొట్టినా

తలుపు కొడుతున్నారు. "దీవెనా, చెప్పులేసుకో. చీకటి పడకముందే ఇబ్రహీంపట్నం వెళ్ళాలి" అంటున్నారు.

కాగితాలు దిండు గలీబులో దాచేస్తున్నా పిన్నీ. వస్తున్నా నాన్నా అన్నా, గొంతు రాలేదు. మళ్ళీ అంటున్నా.